కాలరు మాట నమ్మొద్దు, అబ్బయా

మీ పిలకాయలకి ఈ మధ్య పాత చొక్కాల పిచ్చి పట్టుకుంది. కొత్తది అయిదొందలకి వస్తుంటే, ఎవడో వేసి విడిచినదాన్ని రెండు వేలు పోసి తెప్పించుకుంటారు. అదేందిరా అంటే వింటేజి అంటారు. మా ఇంట్లో అట్లాంటివి స్టీలు సామాన్లోడికి వేసి గిన్నె తీసుకునేవాళ్ళు. నా పెళ్ళినాటి చొక్కా అట్లాగే పోయింది. దానికొచ్చిన గిన్నెలో ఇప్పటికీ మజ్జిగ తాగుతున్నా. మీ వింటేజిలో మజ్జిగ తాగండి చూద్దాం.

మా మనవడు ఒకటి తెచ్చి, "తాతా, ఇది డెబ్బైల నాటిది, కాలరు చూడు ఎంత పొడుగుందో" అన్నాడు. రంగేసిన మీసం చూసి వయసు చెప్పినట్టుంది వీడి తెలివి. ఒరే, మా రోజుల్లో చొక్కాలో ముందు అరిగేది కాలరే. మడత దగ్గర పోగులు లేచినంత మాత్రాన చొక్కా పారేస్తామా? టైలరు కాలరు విప్పి, తిరగేసి కుట్టేవాడు. రెండో వైపూ అరిగితే వెనక అడుగున ముక్క కోసి, అప్పుడు నడుస్తున్న ఫ్యాషన్లో కొత్త కాలరు వేసేవాడు. ఒళ్ళు 1962ది, కాలరు 1975ది. ఏ ఏడు చెప్తావు దానికి? ముందు చొక్కా తిరగేసి వెనక భాగం చూడు. అది పొట్టిగా ఉంటే కాలరు మాట నమ్మొద్దు.

తర్వాత మెడ దగ్గర లేబుల్. మా నెల్లూరోళ్ళకి మంచి చొక్కా అంటే మద్రాసే. పొద్దున రైలెక్కి ప్యారిస్ కార్నర్లో దిగబడేవాళ్ళం. లేబుల్ మీద ఉత్త 'మద్రాసు-1' అని ఉంటే అది పిన్‌కోడ్ రాకముందు నేసిన లేబుల్. పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది. 600 001 అని ఉందంటే ఆ తర్వాతిదే. అయితే పాత లేబుళ్ళ కట్ట పారేసే టైలరు ఇంకా పుట్టలేదు, అవి అయిపోయేదాకా కుడతానే ఉంటాడు. అందుకని అంకెలుంటే ధీమాగా చెప్పొచ్చు గానీ లేకపోతే గమ్మునుండాలి. ఇంతకీ మా వాడి డెబ్బైల చొక్కా మీద ఇంగ్లీషులో చక్కగా 'చెన్నై' అని ఉంది. ఆ పేరు మార్చింది 1996లో. రెండు వేలు!

కాజాలు చూడటం కూడా మీకు రాదు. మా టైలరు అరుగు మీద ఒక పిలకాయ కాళ్ళు ముడుచుకుని పొద్దస్తమానం కాజాలే కుట్టేవాడు. చేతి కాజాని లోపలి వైపు తిప్పితే ముడులు ఒకటి లావు, ఒకటి సన్నం, చివర కాస్త దారం వంకర. మిషన్ కాజాలో ఆ వంకర యాడుంటుంది? వాడు బడికి పోవాల్సిన వయసని మాకెవరికీ తోచలేదు, అది వేరే సంగతి.

కాలరు లోపల చాకలి గుర్తు ఉండేది. నల్లజీడి రసంలో సున్నం కలిపి పెట్టే రెండు చుక్కలో, ఒక గీతో. ఎన్ని ఉతుకులు ఉతికినా పోయేది కాదు. చదువురాని మనిషి ఊరందరి బట్టల్లోంచి ఆ చుక్కలు చూసి మా ఇంటి మూట కట్టేసేవాడు. ఇప్పుడు నాలుగు చొక్కాలు లాండ్రీకి వేస్తే అయిదు చీటీలు.

గుడ్డ సంగతి కావాలంటే కుట్టు లోపల్నించి ఒక పోగు లాగి అగ్గిపుల్ల చూపించు. నూలైతే కాగితం కాలిన వాసనతో బూడిదవుతుంది. కరిగి నల్లటి గట్టి పూసయిందా, అది టెరిలిన్. ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు 1941లో కనిపెట్టారు దాన్ని. మన దగ్గర తయారయింది అరవైల్లో. అంటే పూస కట్టిన చొక్కాని స్వాతంత్ర్యం ముందుదని ఎవడన్నా అమ్మితే తరిమెయ్.

అబ్బ, ఆ టెరిలిన్! రాత్రి ఉతికి దండెం మీద వేస్తే తెల్లారేసరికి ఆరేది, ఇస్త్రీ లేకుండా వేసుకుని మైపాడు బీచికి సైకిలు తొక్కేవాణ్ణి. మే నెలలో, ఆ ఉప్పు గాలిలో, చొక్కా వీపుకి అతుక్కుని ఒళ్ళంతా చెమటకాయలు లేచేవి. అయినా రాజాలా ఉండేది. బొగ్గుల ఇస్త్రీపెట్టె తగిలితే మాత్రం అరచేయంత బొక్క.

మా నాయనకి ఆ చొక్కా చూస్తే ఒళ్ళు మండేది. ఆయన పల్లిపాడు ఆశ్రమం మనిషి, 1921లో గాంధీగారు వచ్చి ప్రారంభించిన చోటు. ఒంటి మీద ఖద్దరు తప్ప ఇంకోటి ఎరగడు. "గాలాడని గుడ్డ తొడుక్కుని మనిషినంటావేందిరా" అని రోజూ సణిగేవాడు. ముసలాయన చాదస్తం అనుకునేవాణ్ణి. చాదస్తమే.

నీకు నిజంగా పాతది కావాలంటే ఆయన ఖద్దరు చొక్కా ఒకటి ఇంట్లోనే ఉంది. లేబుల్ లేదు, అన్నీ చేతి కాజాలే, జీడి చుక్కలు కూడా ఉన్నాయి. మీ జేజి పులుసు దాక దించేది దాంతోనే. పొయ్యి దగ్గరికి పోయి అడుగు, ఇస్తే తీసుకో. నేనైతే అడగను.