లోని నీరు, బయటి నీరు: ఒక ఔట్‌బోర్డు పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

లోని నీరు వేడి లోలోన మోయును
బయటి నీటి కిచ్చి బయటి కంపు
రెండు కలిసెనేని రిత్తయౌ యంత్రమ్ము
మూత తీయబోకు ముప్పు గలుగు

అవతారిక

ఇది ఆటవెలది. పడవ వెనక చెక్కకు బిగించి నడిపే ఔట్‌బోర్డు మోటారును గురించి చెప్పినది. పద్యకర్తా వ్యాఖ్యాతా ఒకరే కనక అభిప్రాయభేదాలు ఉండకూడదు. అయినా ఉన్నాయి. అవి ముందు ముందు తేలుతాయి.

శాస్త్రగ్రంథం మొదలుపెట్టేటప్పుడు అనుబంధ చతుష్టయం చెప్పడం ఆచారం. ఇక్కడ విషయం: క్లోజ్డ్ లూప్ శీతల పద్ధతి, అంటే లోపలి నీటిని పారబోయకుండా తిప్పి తిప్పి వాడుకునే పద్ధతి. ప్రయోజనం: ఇంజను నాలుగు కాలాలు బతకడం. సంబంధం: రబ్బరు గొట్టాలు, వాటికి బిగించే క్లిప్పులు. అధికారి: ఉప్పునీటిలో పడవ నడిపేవాడు. చెరువులో షికారు తిరిగేవాడు కూడా చదవవచ్చు, కాని వాడికి దక్కేది కాలక్షేపమే.

ప్రతిపదార్థం

లోని నీరు = ఇంజను కడుపులో తిరిగే కూలెంటు; వేడి = వేడిని; లోలోన = సిలిండర్ల చుట్టూ ఉన్న సందుల్లో; మోయును = మోసుకుపోతుంది; బయటి నీటికి = సముద్రపు నీటికి; ఇచ్చి = అప్పగించి; బయటికి = పడవ అవతలికి; అంపు = పంపుతుంది; రెండు = ఆ రెండు నీళ్లూ; కలిసెనేని = కలిశాయా; యంత్రమ్ము = ఇంజను, దానితోబాటు దాని మీద పోసిన డబ్బు; రిత్త ఔ = వ్యర్థమవుతుంది; మూత = కూలెంటు తొట్టి బిరడా; తీయబోకు = తీసే పని పెట్టుకోకు; ముప్పు = మరుగుతున్న నీరు మొహాన కొట్టడం; గలుగు = తప్పదు.

తాత్పర్యం

ఇంజనులో పుట్టిన వేడిని లోపలి నీరు సేకరించి, బయటి నీటికి అప్పగించి, దాని చేత సముద్రంలో పారబోయిస్తుంది. రెండు నీళ్లూ పక్కపక్కనే నడవాలి గాని కలవకూడదు. ఇంజను వేడిగా ఉన్నప్పుడు మూత జోలికి పోకూడదు.

వ్యాకరణ విశేషం

'వేడిని' అనవలసిన చోట 'వేడి' అన్నాడేమని అడగవచ్చు. జడానికి ద్వితీయ బదులు ప్రథమ వస్తుంది కనక దోషం లేదు. వేడి జడమే. ఇంజను కూడా జడమేనని వైయాకరణులు అంటారు. తెల్లవారుజామున తాడు లాగి లాగి భుజం పడిపోయినవాళ్లు మాత్రం దానికి బుద్ధీ, పగా రెండూ ఉన్నాయని వాదిస్తారు.

పరంపర

ఔట్‌బోర్డు పుట్టుకకు ఒక ఐతిహ్యం ఉంది. అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఓలే ఎవిన్‌రూడ్ అనే నార్వే మూలాల మెకానిక్కు ఒక వేసవి విహారంలో ఐస్‌క్రీం కోసం సరస్సు దాటి పడవ వేసుకువెళ్లాడనీ, తెడ్డు వేసుకుంటూ తిరిగి వచ్చేసరికి అది కరిగి నీరయిందనీ, ఆ ఉక్రోషంలోంచి మోటారు ఆలోచన పుట్టిందనీ చెబుతారు. 1909లో ఆయన మోటారు అమ్మకానికి వచ్చింది. బలం ఒకటిన్నర హార్స్ పవర్, బరువు 62 పౌండ్లు. అంటే ఈ యంత్రానికి ఆదిలోనే ఎదురైన చిక్కు చల్లదనం నిలవకపోవడం. తరవాత శతాబ్దం పొడుగునా దాన్ని చేసినవాళ్లు పడ్డ చిక్కూ అదే.

పాత సంప్రదాయం చాలా సరళం. పాదం దగ్గర నీళ్లు పీల్చు, ఇంజను చుట్టూ తిప్పు, పొగతోపాటు బయటికి వదులు. నేటికీ నూటికి తొంభైమంది చూసే ఔట్‌బోర్డులు ఈ మతానివే. క్లోజ్డ్ లూప్ మతం ఇక్కడ కొత్త.

పూర్వపక్షం

'సముద్రమంత నీరు చుట్టూ ఉండగా, నాలుగు లీటర్ల నీటిని కడుపులో దాచుకు తిరగడం పిసినారితనం కాదా?' అని ఆక్షేపణ.

సమాధానం. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. వాటిలో సున్నపు జాతి లవణాలకు ఒక వింత గుణం ఉంది. పంచదార వేడినీటిలో బాగా కరుగుతుంది. ఇవి వేడెక్కినకొద్దీ కరగడం మాని గోడలకు పొలుసు కడతాయి. అందుకే ఉప్పునీటితో నేరుగా చల్లబడే ఇంజనులో థర్మోస్టాటును 60 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో తెరుచుకునేలా పెడతారు. ఇంజనుకు మాత్రం అంతకంటే ఎక్కువ వేడిలో ఉంటేనే ఒంటికి హాయి. నూనె పలచబడి పారుతుంది, ఇంధనం శుభ్రంగా మండుతుంది. లోపల తిరిగేది ఉప్పులేని నీరయితే థర్మోస్టాటును 70, 80 డిగ్రీలకు పెంచినా భయం లేదు.

రెండో కారణం తుప్పు. ఔట్‌బోర్డు ఇంజను దిమ్మ అల్యూమినియం. ఉప్పునీరు, వేడి, పక్కనే మరో లోహం, ఈ మూడూ ఒకచోట చేరితే అల్యూమినియం కరిగిపోతుంది. కూలెంటులో ఎథిలీన్ గ్లైకాలు, నీరు సగంసగం కలుపుతారు. ఆ మిశ్రమం మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదని డబ్బా మీద రాస్తారు. కాకినాడ రేవులో ఆ వాక్యానికి విలువ లేదు. వేడి మోయడంలో గ్లైకాలు ఉత్త నీటికంటే తక్కువే కూడా. మనకు పనికొచ్చేది అందులో కలిపిన తుప్పు నిరోధకాలు. కనక 'లోని నీరు' అన్నచోట కుళాయి నీరు అని అర్థం చెప్పేవాడు వ్యాఖ్యాత కాడు, ఇంజనుకు శత్రువు.

'ఇచ్చి' అనే చోట

ఈ రెండక్షరాల్లోనే యంత్రం గుట్టంతా ఉంది. ఇవ్వడం ఎక్కడ? హీట్ ఎక్స్‌ఛేంజరులో. పాఠ్యపుస్తకాలు దాన్ని ఉష్ణవినిమయకం అంటాయి. కాచిన పాలగిన్నెను నీళ్ల పళ్లెంలో పెట్టి చల్లార్చినట్టే ఇదీ: పాలలో నీళ్లు కలవవు, పాల వేడి మాత్రం నీళ్లలోకి దిగుతుంది. ఇక్కడ గిన్నె బదులు సన్నని గొట్టాల కట్ట. చాలావరకు రాగి, నికెలు కలిపిన లోహంతో చేస్తారు, ఉప్పునీటికి అది ఓర్చుకుంటుంది గనక. గొట్టాల లోపలినుంచి సముద్రం, బయటినుంచి కూలెంటు పోతాయి.

ఇది వదాన్యుడి దానం కాదు. తనకు అక్కరలేని దాన్ని పొరుగువాడికి అంటగట్టడం. ఆ పొరుగువాడు సముద్రుడు కనక అడిగేవాడు లేడు.

అధ్యాహారం

'అంపు' అనే క్రియకు కర్త ఎవరు? పద్యంలో లేడు. నీరు తనంతట తాను పైకెక్కదు. కనక పంపును అధ్యాహారం చేసుకోవాలి. ఒకటి కాదు, రెండు పంపులు. కూలెంటును తిప్పేది ఒకటి, సముద్రపు నీటిని ఎక్కించేది మరొకటి. ఈ రెండోది మోటారు పాదం పైన, నిలువు కడ్డీకి తొడిగిన రబ్బరు రెక్కల చక్రం. ఇంపెల్లరు అంటారు. అరచేతిలో ఇమిడిపోతుంది.

వ్యాఖ్యాత దృష్టిలో ఈ పద్యానికి ప్రాణం ఆ లేని మాటే. క్లోజ్డ్ లూప్ కొన్నవాడు సాధారణంగా ఇలా భ్రమపడతాడు: 'నా ఇంజనుకు సముద్రంతో తెగతెంపులయ్యాయి.' కాలేదు. ఉప్పునీరు ఇంజను దిమ్మలోకి వెళ్లడం మానింది, అంతే. పాదంలోకి, ఇంపెల్లరులోకి, ఎక్స్‌ఛేంజరు గొట్టాల్లోకి, పొగదారిలోకి ఎప్పటిలాగే వస్తూ ఉంటుంది. పీల్చేచోట ప్లాస్టిక్ సంచి అడ్డుపడితే రెండు మతాల ఇంజనులూ ఒకేలా ఉడుకుతాయి. ఇంపెల్లరుకు నీరే కందెన. నీరు లేకుండా తిప్పితే నిమిషమైనా గడవకుండా రెక్కలు మాడిపోవచ్చు. ఒడ్డున మెకానిక్కు ముందు 'ఒక్కసారి స్టార్ట్ చేసి చూద్దాం' అన్నవాళ్ల పాపం ఇక్కడే పండుతుంది. గోదావరి వరదనీటిలాగా ఇసుక, బురద నిండిన నీటిలో నడిచినప్పుడు ఆ రెక్కలు ఇంకా తొందరగా అరుగుతాయి.

ఇంకో సూక్ష్మం. ఇంజను పక్కనుంచి సన్నగా చిమ్మే నీటిధారను చూసి 'అంతా క్షేమం' అనుకోవడం పాత అలవాటు. క్లోజ్డ్ లూప్‌లో ఆ ధార చెప్పేది బయటి నీటి క్షేమమే. లోని నీరు కారిపోయి తొట్టి ఎండిపోయినా ఆ ధార చక్కగా చిమ్ముతూనే ఉండవచ్చు. కనక వేడి చూపే ముల్లును చూడని పడవవాడికి ధార సాక్ష్యం చెల్లదు.

'రెండు కలిసెనేని'

ఎక్స్‌ఛేంజరు గొట్టానికి సూదిమొనంత చిల్లు పడిందనుకోండి. నడుస్తున్నప్పుడు లోపలి ఒత్తిడి ఎక్కువ కనక కూలెంటు సముద్రంలోకి జారిపోతుంది. పడవలో ఎక్కడా చుక్క కనిపించదు, తొట్టిలో మట్టం మాత్రం రోజురోజుకీ దిగుతుంది. ఇంజను ఆగి చల్లారి ఒత్తిడి దిగాక ఉప్పునీరు ఎదురుదారి పట్టే వీలూ ఉంది. అప్పుడు ఇంత డబ్బుపోసి దూరం పెట్టిన ఉప్పు సగౌరవంగా దిమ్మలోకి వస్తుంది. ఈ ఆపద రాకుండా ఎక్స్‌ఛేంజరులో జింకు ముక్క పెడతారు. తుప్పు పట్టవలసిన లోహాల బదులు అది తాను అరిగిపోతుంది. యజ్ఞపశువు లాంటి ఆ ముక్కను వేళకు మార్చాలి. మార్చకపోతే తరవాతి ఆహుతి గొట్టాలే.

పాఠభేదం

నాలుగో పాదానికి 'మూత తీసి చూడు ముప్పు దొలగు' అని మరో పాఠం ఉంది. ఛందస్సు రెంటికీ సరిపోతుంది. ఏది గ్రాహ్యం?

రెండూ గ్రాహ్యమే, సమయం వేరు. మూత ఉన్నది ఒత్తిడి నిలపడానికి. సుమారు 15 పౌండ్ల ఒత్తిడి మూత కింద సగంసగం మిశ్రమం 129 డిగ్రీల దాకా మరగదు. అంత వేడిలో మూత విప్పితే ఒత్తిడి ఒక్కసారిగా పోయి, నీరు కుతకుత మరిగి ఆవిరితో సహా పైకి ఎగుస్తుంది. అప్పుడు 'తీయబోకు' పాఠం ప్రమాణం. పొద్దున బయలుదేరే ముందు, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, మట్టం చూడాలంటే 'తీసి చూడు' పాఠం ప్రమాణం. రెండు పాఠాలనూ తారుమారు చేసి పాటించేవాళ్లు ఉన్నారు.

అలంకారం

రెండో పాదంలో 'బయటి' రెండుసార్లు వచ్చింది. లాటానుప్రాసమని కొందరు, మాటలకు కరువని మరికొందరు. నీటి వేడిని నీటితోనే తీర్చడం విరోధాభాసం.

ఉత్తరపక్షం

'ఇంత గొప్పదయితే ఔట్‌బోర్డులన్నీ దీన్నే ఎందుకు పట్టుకోలేదు?'

బరువు, చోటు, ధర. పడవ వెనక చెక్కకు వేలాడే యంత్రంలో ప్రతి కిలో లెక్కలోకి వస్తుంది. ఎక్స్‌ఛేంజరు, తొట్టి, రెండో పంపు, కూలెంటు కలిపితే చిన్న మోటారుకు నగలబరువే. పైగా ఔట్‌బోర్డుకు నిలబడి పుట్టిన అదృష్టం ఒకటి ఉంది. ఆపితే లోపలి నీళ్లు చాలావరకు వాటంతట అవే కిందికి జారిపోతాయి. పడవ కడుపులో కూర్చునే ఇంజనుకు ఆ సౌఖ్యం లేదు. దానికే క్లోజ్డ్ లూప్ ఎక్కువగా నప్పింది. మన తీరంలో పొడవాటి కడ్డీ చివర రెక్కలుండే డీజిల్ ఇంజన్లు కొన్ని గాలితోనే చల్లబడతాయి. ఆ మతంలో ఈ పద్యానికి పారాయణమే లేదు.

మరి ఎవరికి తప్పదు? నేల మీద పుట్టి నీళ్లకు వలస వచ్చిన ఇంజన్లకు. కారు కోసం పోసిన దిమ్మ ఉప్పునీటిని ఎరగదు. విస్కాన్సిన్‌కే చెందిన సెవెన్ మెరైన్ సంస్థ 2011లో 557 హార్స్ పవర్ల ఔట్‌బోర్డు చూపింది. లోపలున్నది జనరల్ మోటార్స్ వారి 6.2 లీటర్ల వి-8 కారు ఇంజను, మొత్తం మోటారు బరువు సుమారు అయిదు వందల కిలోలు. అందుకే దానికి క్లోజ్డ్ లూప్ పెట్టారు. 2017లో వోల్వో పెంటా ఆ సంస్థలో అధిక వాటా కొంది. 2021లో తయారీ ఆపేసింది. స్వీడన్ వారి ఓక్స్ డీజిల్ ఔట్‌బోర్డులదీ అదే కథ: కారు డీజిల్ ఇంజను, క్లోజ్డ్ లూప్ శీతలం. పద్ధతి మంచిదైనంత మాత్రాన వ్యాపారం నిలవాలని శాస్త్రంలో లేదు.

ఫలశ్రుతి

ఈ టీక చదివినవాడికి కలిగే ఫలం ఇది. రోజూ ఉప్పునీటిలో నడిచే పెద్ద డీజిల్ మోటారు కొనేవాడు క్లోజ్డ్ లూప్ అడిగి తీసుకోవాలి. ఆ డబ్బు వృథా కాదు. చిన్న పెట్రోలు మోటారు వాడు నేరుగా నీళ్లు తాగేదాన్నే కొని, ఒడ్డుకు వచ్చిన ప్రతిసారీ మంచినీటితో కడుపు కడగాలి. మిగిలిన డబ్బుతో ఇంపెల్లరు అదనంగా ఒకటి పడవలో ఉంచుకోవాలి. ఏ మతంలో చేరినా ఆ రబ్బరు చక్రాన్ని వేళకు మార్చనివాడికి మోక్షం లేదు, తెడ్డే గతి.