కడుపులో బెలూను, చేతిలో బిల్లు

పాలమూరోళ్లకు పేటెంటు తీసుకునే తెలివి లేకపోయింది. ఉంటే జడ్చర్ల నిండా కోటీశ్వరులే. కరువు కాలంలో మన పెద్దలు గంజి తాగి, అదీ లేనినాడు చెంబెడు నీళ్లు తాగి పడుకునేవాళ్లు. మనం దాన్ని ఆకలి అన్నాం. 44వ జాతీయ రహదారి మీద హైదరాబాద్ దాకా పోతే బరువు తగ్గిస్తామంటూ అదే చెంబెడు నీళ్లకు లక్షలు తీసుకుంటున్నారు, పేరు ఇంట్రాగ్యాస్ట్రిక్ బెలూన్!

కోత లేదు, కుట్టు లేదు అంటారు. నిజమే. ఎండోస్కోపీతో సిలికాన్ సంచిని కడుపులోకి దించి 400 నుంచి 700 మిల్లీలీటర్ల సెలైన్ నింపుతారు. అందులో నీలిరంగు కలుపుతారు. సంచి చిరిగితే మూత్రం ఆకుపచ్చగా మారి కబురు చెబుతుంది. కొత్త రకాన్ని మాత్రలా మింగితే చాలు, నాలుగు నెలలకు దానంతటదే ఖాళీ అయి బయటికి పోతుంది. దాని వెనకే, రాత్రి పదింటి బిర్యానీ మారకపోతే, పోయిన బరువూ తిరిగొస్తుంది.

ఈ పరికరాల వంశచరిత్ర ఘనమైనది. 1985లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒప్పుకున్న తొలి బుడగ కొన్నేళ్లకే అంగడి విడిచింది. పేగులో 60 సెంటీమీటర్ల తొడుగు వేసే ఎండోబ్యారియర్ అక్కడి పరీక్షలోనే 2015లో ఆగింది, కాలేయంలో చీముగడ్డలు లేచినందుకు. 2016లో ఆస్పైర్‌అసిస్ట్ వచ్చింది: కడుపుకు గొట్టం పెట్టుకో, తిను, కాసేపాగి మూత తిప్పి మూడోవంతు పారబొయ్యి! అదీ 2022లో మూటాముల్లె సర్దుకుంది. 2016 తర్వాత ద్రవం నింపే బెలూన్లు పెట్టించుకున్నవాళ్లలో 12 మంది చనిపోయినట్టు తనకు సమాచారం అందిందని 2018లో ఎఫ్‌డీఏనే చెప్పింది. బెలూన్ల ప్రకటనల్లో ఈ ముక్కకు చోటు చాల్లేదు కాబోలు.

బరువు ప్రాణం మీదికి తెచ్చినవాళ్లకు, డాక్టరు కనిపెట్టుకుని ఉండి తిండి కూడా మార్పిస్తే, బెలూను కొంత మేలే చేస్తుంది. కానీ నడుము 90 సెంటీమీటర్లు దాటిన మగవాళ్లకూ, 80 దాటిన ఆడవాళ్లకూ షుగరు, బీపీల భయం చూపి, ఏ కష్టమూ లేకుండా కరిగిస్తామనేవాళ్లను మాత్రం నిలదీయాలి.

డబ్బు కట్టే ముందు ఒక్కటే అడగండి: బెలూను పోయాక బరువు నిలుస్తుందా? ‘అది మీ తిండి, మీ నడకను బట్టి ఉంటుందండీ’ అంటారు. మరి ఆ లక్షలు దేనికి? జొన్నలు మన జడ్చర్ల బాదేపల్లిలోనే దొరుకుతాయి. నడకకు ఎఫ్‌డీఏ అనుమతి అక్కర్లేదు.