గరిటె జరుపు పద్యం: టీకా తాత్పర్య విశేషాలతో

మూలం

ఆ.వె. పప్పు చాలు నేడు, పత్రశాకము చాలు,
రొయ్య ముద్ద వలదు రోట నూర;
శనిదినమ్మునందు సాంబారె పోయన్న,
కోడికూర గరిటె కొంత జరుపు!

అవతారిక

మలేషియాలో ఒక తెలుగువాడు కౌలాలంపూర్ బ్రిక్‌ఫీల్డ్స్ పేటలో, అరటాకు భోజనం పెట్టే హోటల్లో, శనివారం మధ్యాహ్నం వడ్డించేవాడితో అన్న మాట ఇది. కవి పేరు తెలియదు. ప్రతి తాళపత్రం మీద కాక అరటి పత్రం మీద లభించింది గనుక ఎక్కువ కాలం నిలవలేదు. మూడో పాదంలో ‘సాంబారె’ అన్నచోట నిజంగానే సాంబారు పడి ఒక అక్షరం అలుక్కుపోయింది. కవి పూర్వులు విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి, పెరాక్ రాష్ట్రంలోని బాగాన్ డాటో కొబ్బరి తోటల్లో దిగినవారని పద్యంలోని సాక్ష్యాన్ని బట్టి ఊహించవచ్చు. ఆ సాక్ష్యం రొయ్య. మలయాకు కూలీలను పంపడం 1938లో భారత ప్రభుత్వం ఆపేసింది గనుక వాళ్ళు అంతకుముందే చేరి ఉండాలి.

టీక

నేడు = ఈ దినమున; పప్పు = ఉడికిన పప్పు; చాలు = సరిపోవును; పత్రశాకము = ఆకుకూర; చాలు = మళ్ళీ సరిపోవును; రొయ్య ముద్ద = బెలాచాను; రోటన్ = రోటియందు; నూరన్ = నూరుట; వలదు = కూడదు; అన్న = ఓ వడ్డించువాడా; శనిదినమ్మునందు = శనివారమున; సాంబారె = సాంబారు మాత్రమే; పోయు = పోయుము; కోడికూర గరిటె = కోడికూరలో మునిగి తేలిన గరిటెను; కొంత = కొద్దిగా; జరుపు = పక్కకు తీయుము.

తాత్పర్యం

అన్నా, ఇవాళ శనివారం. పప్పూ ఆకుకూరా ఉంటే నాకింకేం అక్కర్లేదు. పచ్చడిలో బెలాచాను కలపకు, అన్నం మీద సాంబారు తప్ప మరొకటి పొయ్యకు, ఆ కోడికూర గరిటె నా ఆకు మీదుగా తీసుకుపోకు.

విశేషాలు

‘చాలు’ రెండుసార్లు వచ్చింది, పునరుక్తి దోషం కాదా అని శంక. కాదు. ఆ హోటళ్ళలో అన్నం, కూరలు ఎన్నిసార్లైనా అడగవచ్చు. అడగకపోయినా వేస్తారు. కరకరలాడే కాకరకాయ వేపుడు, గుమ్మడికాయ, క్యాబేజీ, అప్పడాలు వరసగా వస్తూనే ఉంటాయి. మొదటి ‘చాలు’ కవి తన మనసుతో అన్నది. రెండోది వడ్డించేవాడి చేతితో అన్నది. అనుభవజ్ఞులు మూడోసారి కూడా అంటారు గాని ఛందస్సులో చోటు లేదు.

పప్పు గురించి చెప్పాల్సింది తక్కువ. అది ఆ దేశానికి ఓడలో వచ్చింది, తెలుగువాళ్ళూ ఓడలోనే వచ్చారు, పరిచయాలు అక్కర్లేదు. పొద్దున్నే రోటీ చనాయ్ పక్కన పోసే పల్చటి పప్పుకీ మధ్యాహ్నం ఆకులో పడే ముద్దపప్పుకీ పేరొక్కటే, జాతకాలు వేరు.

‘పత్రశాకము’ దగ్గర మాత్రం కవి ఆగాడు, మనమూ ఆగాలి. తోటకూర, గోంగూర అని పేరు పెట్టి అనకుండా అంత సంస్కృతం ఎందుకు? యతి కోసమని ఛాందసులు అంటారు. అంతకంటే మంచి కారణం ఉంది: ఏ ఆకు అని తేల్చి చెప్పలేనన్ని ఆకులున్న దేశం అది. బాయమ్ అని కట్టలు కట్టి అమ్మేది తోటకూర. కంగ్‌కుంగ్ అనేది నీళ్ళలో పెరిగే తూటికూర. మన ఊళ్ళలో చెరువు గట్టున ఎవరూ వంగి కోయనిది అక్కడ హోటళ్ళలో పళ్ళెమెక్కి కూర్చుంటుంది. పెగాగా మన సరస్వతి ఆకే. మలాయీలు దాన్ని, మరో పది రకాల చిగుళ్ళను ఉలామ్ అని పచ్చివే అన్నంలో నంజుకుంటారు. తెలుగింట్లో అదే ఆకుకు పచ్చిమిరపకాయలు, కొబ్బరి, చింతపండు తోడైతే పచ్చడి. మునగాకు పెరట్లో ఉంటుంది, కొనడం నామోషీ.

గోంగూర సంగతి కొంచెం బాధాకరం. తెరెంగాను రాష్ట్రంలో మన ఎర్ర గోంగూర జాతి మొక్కనే రోసెల్ అని సాగు చేస్తారు. పువ్వు రాలాక మిగిలే ఎర్రటి దళసరి తొడుగులు కోసి షర్బత్తు చేస్తారు. ఆకు అడిగేవాడు లేడు. కాఫీ పారబోసి కప్పు కడుక్కుని దాచుకునేవాణ్ణి చూసినట్టు ఉంటుంది తెలుగువాడికి.

ఇదే పదంలో మరో ఆకు కూడా దాగి ఉంది. 1941 డిసెంబరులో జపాన్ సేనలు మలయాలో దిగి 1945 దాకా ఏలినప్పుడు బర్మా నుంచి రావలసిన బియ్యం రావడం మానేసింది. తోటల్లో జనం కర్రపెండలం నాటుకుని దుంపా తిన్నారు, చిగురూ తిన్నారు. ఆ చిగురు పచ్చిగా తింటే విషం. బాగా ఉడకబెట్టి నీళ్ళు పారబొయ్యాలి. ఆ ఏళ్ళలో సయాం రైలు దారి పనికి పట్టుకుపోయిన తోట కూలీల్లో తిరిగి రానివాళ్ళు లెక్కకు మిక్కిలి. ఇంటి దగ్గర మిగిలినవాళ్ళకు ఆకు ‘చాలు’ అనుకోక తప్పింది కాదు. ఇప్పుడు అదే చిగురును కొబ్బరిపాలలో వండి ఇష్టంగా తింటున్నారు. కవి దాన్ని ఉద్దేశించాడని రుజువు చెయ్యలేను. ఉద్దేశించలేదని చెప్పడానికీ మనసొప్పదు.

రెండో పాదం. బెలాచాను అంటే చిన్న రొయ్యలను ఉప్పుతో పులియబెట్టి, దంచి, ఎండబెట్టి, ఇటికలుగా కోసిన ముద్ద. మలాయీ వంటలో అది లేని చోటు వెతకాలి. కంగ్‌కుంగ్ వేపుడు చూడ్డానికి నిఖార్సయిన ఆకుకూర. లోపల బెలాచాను ఉంటుంది. నాసి లెమాక్ కొబ్బరిపాల అన్నమే గాని దాని సంబల్‌లో ఎండు నెత్తళ్ళు ఉంటాయి. పళ్ళూ కూరగాయలూ కోసి కలిపే రోజాక్‌లో కూడా నల్లటి రొయ్యల పాకం పోస్తారు. కాబట్టి అక్కడ శాకాహారికి కూరగాయలు దొరకవేమోనన్న బెంగ లేదు. దొరికిన కూరగాయ ఒంటరిగా రాదు, అదీ చిక్కు. మాంసం వద్దంటే ‘మాంసం లేదు’ అని నిజమే చెబుతారు. రొయ్య ముద్ద వాళ్ళ దృష్టిలో మాంసం కాదు, ఉప్పు లాంటిది. ఏం కావాలో చెప్పినంత మాత్రాన పని జరగదు, ఏం వద్దో పేరు పెట్టి చెప్పాలి. కవి చెప్పాడు.

ఇక్కడే కవి దొరికిపోయాడు కూడా. పుట్టు శాకాహారికి ఆ వాసన తగిలితే ‘ఏదో నీచు వాసన’ అంటాడు, అంతే. ఇతను సూటిగా ‘రొయ్య ముద్ద’ అన్నాడు. ఎండు రొయ్యల రుచి ఎరిగిన కోస్తావాడి ముక్కు అది. మిగతా ఆరు రోజులూ అతని వంటింట్లో ఆ ఇటిక ఉంటుందనడంలో నాకు సందేహం లేదు.

దాంతో ‘రోట’ అన్న మాట పెద్ద ధర్మసందేహమై కూర్చుంది. శుక్రవారం బెలాచాను నూరిన రోట్లో శనివారం పెగాగా పచ్చడి నూరవచ్చునా? ఎస్టేటు మతం వారు చింతపండూ రాళ్ళ ఉప్పూ వేసి తోమి ఎండలో బోర్లిస్తే రోలు శుద్ధి అవుతుందంటారు. నగర మతం వారు రెండో రోలు కొనమంటారు. మిక్సీ మతం వారు ఈ చర్చలోకే రారు, కాని వాళ్ళ జారు మూత సందున ఏముందో వాళ్ళకే తెలియదు. నేను ఎస్టేటు పక్షం. రాయి కడిగితే కడిగినట్టు ఉంటుంది.

పద్యానికి ప్రాణం ‘నేడు’ అన్న అవ్యయంలో ఉంది. అది లేకపోతే ఇది వైరాగ్య పద్యం. ఉంది గనుక వారం పద్యం. తోటల్లో రామమందిరం కట్టుకుని భజన చేసుకున్న జనానికి శాకాహారం ఒక సిద్ధాంతం కాదు, పంచాంగంలో ఒక గడి. వెంకన్న పేరు చెప్పి శనివారాలు పాటిస్తారు. సెప్టెంబరు నడుమ నుంచి అక్టోబరు నడుమ దాకా వచ్చే పెరటాసి నెల అక్కడి తమిళులతో పాటు తెలుగిళ్ళకూ పట్టింపే. చాంద్రమానం మనదైనా కడుపు మాత్రం పక్కింటి సౌరమానం ప్రకారం నడుస్తుంది. కొందరు ఆ నెలంతా ముట్టరు, కొందరు శనివారాలే. రెండో తెగవారు తక్కువ భక్తులు కారు, వాళ్ళ గడులు చిన్నవి.

ఈ గడులు మనవాళ్ళకే ఉన్నాయనుకుంటే పొరపాటు. చీనావాళ్ళు నెలలో పాడ్యమికీ పున్నమికీ మాంసం మానేస్తారు, తొమ్మిదో నెలలో మొదటి తొమ్మిది రోజులు తొమ్మిది మంది చక్రవర్తి దేవతల పండగ చేస్తారు. అంపాంగ్‌లోని గుడి దగ్గర ఆ రోజుల్లో పసుపుపచ్చ జెండాలు కట్టిన శాకాహార దుకాణాలు బారులు తీరతాయి. వాళ్ళ నెలా అమావాస్యతోనే మొదలవుతుంది గనుక ఈ తొమ్మిది రోజులూ మన నవరాత్రులూ తరచు ఒకటే అవుతాయి. 2024లో రెండూ అక్టోబరు 3నే మొదలయ్యాయి. 2025లో మాత్రం వాళ్ళ పంచాంగంలో అధికమాసం పడి, మన నవరాత్రులు సెప్టెంబరు 22న వస్తే వాళ్ళవి అక్టోబరు 21న వచ్చాయి. శాకాహార ప్రియులు ఆ ఏడు రెండు పండగలూ విడివిడిగా తిన్నారు.

ఆ దుకాణాల్లో ఉల్లీ వెల్లుల్లీ కూడా వెయ్యరు. ఇంత నిష్ఠతో చేసి, సోయాతోనూ గోధుమ జిగురుతోనూ బాతునీ చేపనీ అచ్చు దింపి, చర్మపు ముడతలతో సహా పళ్ళెంలో పెడతారు. ఆలంకారికులకు భ్రాంతిమంతానికి ఇంతకంటే ఉదాహరణ దొరకదు. కవి అటు వెళ్ళలేదు. పప్పును పప్పులా చూడటమే అతనికి ఇష్టం, నాకూ అంతే.

‘సాంబారె’: తెలుగు కవి పప్పుచారు అనక సాంబారు అనడమేమిటని కొందరు పండితులు నొచ్చుకున్నారు. నొచ్చుకోవలసిన పని లేదు. ఆ దేశంలో తెలుగువారికి సంఘం ఉంది, రెండో ప్రపంచ తెలుగు మహాసభలు 1981లో కౌలాలంపూర్‌లోనే జరిగాయి. అయినా వడ్డించే బకెట్టు మీద పేరు తమిళం. ఆకలి వేళ దాన్ని సంస్కరించడం ఎవరి తరమూ కాదు. తెగి వచ్చిన ‘ఎ’కారం మీదే మన దృష్టి ఉండాలి. వడ్డించేవాడు ఒకే చేతిలో సాంబారూ చేపల పులుసూ కోడి పులుసూ పట్టుకుని వస్తాడు. అక్కడ పులుసు ‘వరద’ కట్టించుకోవడం ఒక రుచి. అన్ని పులుసులూ కలిపి అన్నాన్ని ముంచమని అడిగేవాళ్ళున్నారు. ఆ వరదలో శనివారాన్ని కాపాడేది ఆ ఒక్క ‘ఎ’.

‘కొంత జరుపు’: ‘తీసెయ్’ అనలేదు, ‘అవతల పారెయ్’ అనలేదు. ఎదురుగా కూర్చున్నవాడు ఆ కోడికూర కోసమే చూస్తున్నాడు. అతనికి అది వారం కాదు. చుక్క పడని మేర గరిటె జరిగితే కవికి చాలు. ఆ చుక్క ఆకు మీద పడితే ఏం చెయ్యాలన్నది మాత్రం పద్యం చెప్పలేదు. ఆకు మార్చమనేవాళ్ళున్నారు, పడిన చోటు అన్నంతో గోడ కట్టి అవతలి పక్క తినేవాళ్ళున్నారు.

పాఠాంతరం: అలుక్కుపోయిన అక్షరం ఉన్న పాదానికి మరో ప్రతిలో ‘రవిదినమ్మునందు’ అని కనిపిస్తుంది. యతి చెడింది. నాలుగో పాదం చివర ‘కొంత జరుపు’కు బదులు ‘కొంత వంచు’ అని ఉంది. మొదటి పాదంలో పప్పు ఊసే లేదు. ఇది ఎవరో చొప్పించిన ప్రక్షిప్తమని కొందరు కొట్టివేశారు. నేను రెండు ఆకులూ పక్కపక్కన పెట్టి చూశాను. చేతివ్రాత ఒక్కటే, తారీఖులు శని, ఆదివారాలు.