పులులు లేని ఖండం

"ఆఫ్రికాలో పులులూ కరువూ తప్ప ఏమున్నాయండీ!" అని ఓ పెద్దాయన తీర్పు. అక్కడి అడవుల్లో అసలు పులులే ఉండవు, అది వదిలేద్దాం. తీర్పిచ్చేటప్పుడు ఆయన చేతిలో ఉన్నది వెనిలా ఐస్‌క్రీమ్. (దాని వాసన ఫ్యాక్టరీదే అయ్యుంటుంది లెండి.)

మెక్సికో దాటొచ్చిన వెనిలా తీగ పూసేదే గానీ కాసేది కాదు. యూరప్ పండితుడొకరు గాజుగదిలో కాయించారు గానీ ఆ పద్ధతి తోటలకు అక్కరకు రాలేదు. 1841లో, ఆఫ్రికా పక్కనున్న రీయూనియన్ దీవిలో ఎడ్మండ్ ఆల్బియస్ అనే పన్నెండేళ్ల బానిస కుర్రాడు చిన్న పుల్లతో, బొటనవేలితో పువ్వుకు పరాగసంపర్కం చేసి చూపించాడు. నేటికీ లోకమంతా అదే పద్ధతి. పంటలో మడగాస్కర్‌దే మొదటి పీట. వెనిలాతో తోటల దొరలు బాగుపడ్డారు, ఆల్బియస్ పేదరికంలోనే పోయాడు.

"పాతకాలం మాటలెందుకు, టెక్నాలజీ ఉందా?" అన్నారాయన. కెన్యావాళ్లు ఎం-పెసాతో ఫోన్లో డబ్బు పంపుకోవడం 2007లోనే మొదలెట్టారు. మన యూపీఐ 2016లో వచ్చింది.

పెద్దాయన మాట మార్చి పలాస జీడిపప్పు ప్యాకెట్టు విప్పారు. పలాస ఫ్యాక్టరీలకు పచ్చి గింజలు ఆఫ్రికా నుంచీ ఓడల్లో వస్తాయని చెప్పబోతే, "ఎంతైనా మన నేల రుచే వేరు!" అన్నారు.