రోజుకొక్కటే

మేడ్చల్ బస్టాండు దగ్గర నాదొక చిన్న ఫొటో స్టూడియో. పాస్‌పోర్ట్ ఫొటోలు, జిరాక్సులు, పెళ్లి ఆల్బమ్‌లు, లీడర్ల పుట్టినరోజు ఫ్లెక్సీలు, ఏ పని వస్తే ఆ పని. ఈ చుట్టుపక్కల కెమెరాతో పొట్టపోసుకునేవాళ్లం చాలామందిమి ఉన్నాం గానీ, ఫొటో తీయడానికి ఒక నియమం పెట్టుకున్నవారు మాత్రం మా డ్రాయింగ్ సారు ఒక్కరే. సర్కారు బడిలో మూడు తరాల పిల్లలకు మామిడికాయ గీయడం నేర్పి రిటైరయ్యారు.

రిటైరైన రోజున కొడుకు మంచి ఫోన్ కొనిచ్చాడు. నెల తిరక్కుండానే మెమరీ నిండిపోయిందని సారు నా దగ్గరికి వచ్చారు. చూస్తే మందార పువ్వు ఇరవై సార్లు, మనవడి బోసినవ్వు యాభై సార్లు. "వీటిల్ల ఏవి ఉంచాలె సార్?" అని అడిగాను. చాలాసేపు వేలితో జరిపి జరిపి, "ఒక్కటి గూడ నేను చూసి తీసింది లేదు రా" అన్నారు.

ఆ తర్వాత ఎక్కడ చదివారో, జేమీ లివింగ్‌స్టన్ కథ పట్టుకొచ్చారు. న్యూయార్క్‌లో ఆయన 1979 మార్చి 31న పోలరాయిడ్ కెమెరాతో రోజుకొక్క ఫొటో తీయడం మొదలుపెట్టాడు. 1997 అక్టోబర్ 25న క్యాన్సర్‌తో కన్నుమూసిన దినం దాకా మానలేదు. 1995లో వచ్చిన ‘స్మోక్’ సినిమాలో చుట్టల దుకాణం నడిపే ఆగీ అనే పాత్ర అయితే ఇంకా విచిత్రం. రోజూ పొద్దున సరిగ్గా ఎనిమిదింటికి తన దుకాణమున్న ఆ వీధి మూలనే తీస్తాడు. ఏళ్ల తరబడి అదే మూల, అదే గంట. సారుకు లివింగ్‌స్టన్ మీద గౌరవం, ఆగీ మీద ప్రేమ.

అట్లా నియమం ఖాయమైంది. రోజుకొక్కటే. రెండోది తీయకూడదు, తీసింది చెరపకూడదు.

"రెండోది తీసినవంటే మొదటిదాన్ని సరిగ్గ చూడనట్టే రా" అనేవారు. 1880ల్లో రాజా దీన్‌దయాళ్ సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపినప్పుడు ఒక్కో ఫొటోకూ ఒక్కో గాజు పలక ఖర్చయ్యేది. నేను పని నేర్చుకున్న రోజుల్లో రోలుకు 36 ఫొటోలు. బటన్ నొక్కే ముందు చేతికి భయం ఉండేది. ఆ భయాన్ని సారు తన ఫోన్‌కు తెచ్చిపెట్టుకున్నారు.

ఇక చోటు. మొదట శామీర్‌పేట పెద్దచెరువుకు వెళ్లారు. అక్కడ పెళ్లికాబోయే జంటలు, డ్రోన్లు, గౌను కొంగు పట్టుకుని పరుగెత్తే అసిస్టెంట్లు. "ఈ చెరువును చూసెటోళ్లు మస్తుమంది ఉన్నరు. ఎవ్వరు చూడనిది కావాలె" అని తిరిగొచ్చారు. మేడ్చల్ నుంచి శామీర్‌పేట వైపు పోయే దారిలో, రోడ్డుకు కాస్త లోపల, ఒక కుంట దొరికింది. దాని పేరు చెప్పను. చెప్పినా మీరు ఫోన్‌లో వెతికితే వెంచర్ పేరే వస్తుంది.

కట్ట మీద తూము రాయి పక్కన తెల్ల పెయింట్‌తో రెండు పాదాల గుర్తులు వేసుకున్నారు. పొద్దున ఆరున్నరకు పాలప్యాకెట్ కోసం బయల్దేరితే, కుంట చూసుకుని, పాలు తీసుకుని ఇల్లు చేరడం. అలవాటును ఇంకో అలవాటుకు ముడేస్తే తెగదని ఆయన లెక్క. ఫ్రేమ్‌లో ఎడమ అంచున కరెంటు స్తంభం, కుడి అంచున తాటిచెట్టు, వెనకాల గుట్ట. ఈ మూడూ వేలెడంత జరగకూడదు. నేను నేర్పింది రెండే సంగతులు: జూమ్ చేయొద్దు, తెర మీద వేలు గట్టిగా నొక్కిపట్టి వెలుతురును కట్టేయాలి. మిగతాదంతా ఆయన కన్నే.

2024లో మృగశిర కార్తె నాడు మొదలుపెట్టారు. ఆ రోజు కుంట అడుగున ఇన్ని నీళ్లు, చుట్టూ నెర్రెలిచ్చిన నల్లమట్టి. ఆషాఢంలో బోనాలు కట్ట మీదుగా పోయాయి. ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల్లో ఖమ్మాన్ని ముంచిన ఆ వాన మా వైపూ గట్టిగానే పడింది. కుంట నిండి అలుగు దూకింది. నీళ్లు స్తంభం మొదలు దాకా వచ్చి, తాటిచెట్టును దాటి, గుట్ట కాళ్ల దగ్గర ఆగాయి. ఆ నెల ఫొటోల్లో కొంగలు, బుడబుంగలు, మోకాటి లోతులో నిలబడి వల విసిరే చేపలోళ్లు. తర్వాత బతుకమ్మలు నీళ్ల మీద తేలాయి. పుష్యమాసం పొగమంచులో స్తంభమొక్కటే కనిపించింది. సారుకు జ్వరమొచ్చిన రోజున అమ్మగారు ఆటోలో వెళ్లి తీసుకొచ్చారు. ఆ ఫొటోకు సగం దాకా ఆమె బొటనవేలే అడ్డం. అదీ ఉంచారు. "తీసింది చెరపొద్దు, అంతే."

ఫిబ్రవరిలో నీళ్లు వెనక్కి పోయాయి. పోయిన చోట జేసీబీ దిగింది. అవతలి ఒడ్డున ఒకప్పుడు ద్రాక్షతోట. మేడ్చల్, శామీర్‌పేట అంటేనే అప్పట్లో ద్రాక్ష. రాతికడీల మీద తీగల పందిళ్లు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వచ్చి, ఇటు మేడ్చల్‌లో ఒక దిగుడు, అటు శామీర్‌పేటలో ఒక దిగుడు పెట్టాక, భూమిని ఎకరాల్లో కొలవడం మానేసి గజాల్లో కొలవడం మొదలైంది. తోటలు పోయి కడీలు మిగిలాయి. ఇప్పుడు అవే కడీలు వరుసలు వరుసలుగా ప్లాట్ల హద్దులయ్యాయి. సారు ఫొటోల్లో అవి రోజుకు నాలుగు చొప్పున పెరుగుతూ వచ్చాయి. ఏమంటారోనని చూశాను. ఏమీ అనలేదు. నోట్‌బుక్‌లో తేదీ కింద ‘కడీలు’ అని రాసుకున్నారు.

మళ్లీ మృగశిర వచ్చింది. ఏడాది ఫొటోలన్నీ ఒకే ఫ్లెక్సీ మీద, నెలకో వరుసగా, పన్నెండు వరుసలు కావాలన్నారు. ఆగస్టు 19న ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం నాడు బడిలో పిల్లలకు చూపించాలని ఆయన ఆశ. కంప్యూటర్‌లో పేర్చి చూస్తే నాకే ఒళ్లు జలదరించింది. విడిగా ఏ ఫొటోలోనూ ఏమీ లేదు. అన్నీ కలిపితే కుంట ఊపిరి పీల్చి వదులుతున్నట్టుంది. మంచు కొండలు కరుగుతున్నాయని శాస్త్రవేత్తలు రుజువు చేసే పద్ధతుల్లో ఇదీ ఒకటట: ఏళ్ల తేడాతో అదే చోట నిలబడి అదే ఫొటో తీయడం. సారు పాలప్యాకెట్ సంచీతో ఆ పని చేశారు.

సరిగ్గా ఆ రోజే, కుంట ఒడ్డున ఆ ప్లాట్ల వెంచర్ వేసిన అన్న బ్రోచర్ పనిమీద షాపుకు వచ్చాడు. తెర మీద చూసి, "ఏందే ఇది, మన కుంట లెక్కుంది?" అన్నాడు.

"మన డ్రాయింగ్ సారు తీసినయి అన్నా."

"సారా! నాకు గూడ ఆయనే చెప్పిండు. మామిడికాయ రాక మస్తు దెబ్బలు తిన్న." మనస్ఫూర్తిగా నవ్వాడు. వేలితో సెప్టెంబర్ వరుసలో ఒకటి చూపించాడు. నిండు కుంట, కొంగల గుంపు, నీళ్లలో గుట్ట నీడ. "ఇది కవర్ మీదికి. ‘లేక్ వ్యూ’ అని రాయి." తర్వాత మే నెల వరుసకు వచ్చాడు. ఎండిన నేల, మేకలు, క్రికెట్ ఆడే పిల్లలు. "ఇది గూడ కావాలె. బ్రోచర్‌ల కాదు, ఫైల్‌ల పెట్టాలె. రెండిటికి ఐదైదు వేలిస్త."

"ఒకే కుంట రెండు తీర్ల ఎట్లన్నా?"

"ఒకటి కొనెటోళ్లకు. ఇంకోటి అడిగెటోళ్లకు."

అడిగేవాళ్లంటే ఎవరో చెప్పక్కర్లేదు. 2024 జూలైలో చెరువుల కబ్జాలు తొలగించే హైడ్రా వచ్చిన దగ్గర్నుంచి మా దగ్గర చాయ్ బండివాడికి కూడా ఎఫ్‌టీఎల్ అంటే తెలుసు. అలుగు మట్టానికి నీళ్లు నిండితే ఎంత మేర పరుచుకుంటాయో అదంతా చెరువే. పది హెక్టార్ల లోపు కుంట అయితే దాని చుట్టూ ఇంకో 9 మీటర్లు, అంతకు మించితే 30 మీటర్లు కట్టడం కట్టకూడదు.

"వాట్సాప్‌ల పంపు. డాక్యుమెంట్ లెక్క వద్దు, మామూలుగనే" అన్నాడు అన్న. ఫోన్ తీసిన ప్రతి ఫొటో ఫైలు లోపల తేదీ, సమయం దాగి ఉంటాయి. డాక్యుమెంట్‌గా పంపితే అవి నిలుస్తాయి. మామూలు ఫొటోగా పంపితే వాట్సాప్ వాటిని ఊడ్చేస్తుంది. అన్నకు మామిడికాయ రాలేదు గానీ, ఇది వచ్చు.

కానీ అన్న లేవలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, తెర మీద వరుసలు పైకీ కిందికీ జరిపాడు. సెప్టెంబర్. ఫిబ్రవరి. మళ్లీ సెప్టెంబర్. స్తంభం అదే, తాటిచెట్టు అదే. ఆ రెండింటి నడుమ అప్పుడు నీళ్లు, ఇప్పుడు కడీలు. ఉపగ్రహం తీసిన చిత్రాల్లోనూ ఆ నీళ్లు ఉంటాయి గానీ, అక్కడ అదొక నల్ల మరక; గుట్ట నీడ అని దబాయించొచ్చు. ఇక్కడ మోకాటి లోతులో మనిషి నిలబడి వల విసురుతున్నాడు.

"మిగతావి ఎంత?" అన్నాడు.

"బ్రోచర్‌ల రెండిటికే జాగ ఉందన్నా."

"అచ్చేయనీకి కాదు తమ్మీ. ఎవ్వరి దగ్గర ఉండకుంట చేయనీకి."

మర్నాడు సారు వచ్చారు. అన్న లేచి కాళ్లకు మొక్కాడు. రెండు ఫొటోలకు పదివేలు, మిగతావాటికి రెండు లక్షలు. ఫోన్, పెన్‌డ్రైవ్, నోట్‌బుక్ అన్నీ కలిపి. "నా దగ్గర భద్రంగ ఉంటయి సార్" అన్నాడు. సారు తెర వైపు చాలాసేపు చూశారు. "ఆలోచించి చెప్త బిడ్డా" అని వెళ్లిపోయారు.

నాకు నవ్వొచ్చింది. భార్య బొటనవేలు అడ్డమొచ్చిన ఫొటోనే చెరపని మనిషి! అన్న డబ్బులకు ఈసారి తగిన సారే దొరికారనుకున్నాను. బడిలో ఫ్లెక్సీ కట్టడానికి కొలతలు కూడా తీసుకొచ్చాను.

వారం తర్వాత సారు ఫోన్ చేశారు. "అన్నొస్తడు. నీ దగ్గర ఉన్నయన్ని తీసెయ్ రా." అన్న నా వెనకే నిలబడ్డాడు. ఫోల్డర్ తీసేశాను. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించాడు. బ్రోచర్లు రెండు వేలు కొట్టమని అడ్వాన్స్ ఇచ్చి వెళ్లాడు. కవర్ మీద కొంగలు చాలా బాగా వచ్చాయి.

ఆ నెలాఖరున సారు షాపుకు వచ్చారు, చేతిలో కొత్త ఫోన్. జిరాక్స్ తీయమని కాగితాలిచ్చారు. మెషీన్ అద్దం మీద బోర్లించబోతూ చూశాను. రిజిస్ట్రేషన్ కాగితాలు. అదే వెంచర్. నూట యాభై గజాలు, సారు పేరు మీద.

"డబ్బులు తీస్కోలేదా సార్?"

"డబ్బులేం జేస్కుంట రా, ఖర్చయితయి. ప్లాటియ్యమన్న. ఎవ్వరు కొనని మూల ప్లాటు అడిగేసరికి సంతోషంగ ఇచ్చిండు."

లేఅవుట్ ప్లాను తిప్పి చూశాను. ఆఖరి వరుసలో, గుట్టను ఆనుకుని, ఎదురుగా రోడ్డొచ్చి గుద్దుకునే మూల.

"సార్, దీనికి వీధిపోటు గద! అందుకే ఎవరు ముట్టలేదు."

సారు జిరాక్సులు లెక్కపెట్టుకుని సంచీలో పెట్టుకున్నారు.

"వాళ్లందరు వాస్తు చూసి కొన్నరు రా. ఆ వెంచర్‌ల ఏడాది పొడుగున నీళ్లు రాని ప్లాటు ఇదొక్కటే. రోజూ చూసినోన్ని, నాకు తెల్వదా?"