విండెన్ వారి వరసలు

మా ఇంట్లో నాతో మాట్లాడటం మానేశారని చెప్పను. మాట్లాడుతున్నారు, కాకపోతే ఒక షరతు మీద. నేను జర్మనీ ఊసెత్తకూడదు. "33 ఏళ్ల క్రితం..." అని నోరు తెరిస్తే చాలు, మా ఆవిడకి వంటింట్లో పని గుర్తొస్తుంది. మా అమ్మాయి చెవుల్లో ఇయర్‌ఫోన్లు దూర్చేసుకుంటుంది. మా అత్తగారొక్కరే కదలకుండా కూర్చుని వింటారు. అది నా కథనం మీద మోజు కాదు. వరసలు తప్పుతుంటే చూస్తూ ఊరుకోలేని మనిషి ఆవిడ.

దీనంతటికీ మూలం 'డార్క్'. నెట్‌ఫ్లిక్స్ జర్మన్ భాషలో తీయించిన మొట్టమొదటి సిరీస్. బరాన్ బో ఓడార్, యాంట్యే ఫ్రీజె అనే జంట పుట్టించిన కథ. 2017 డిసెంబరు 1న మొదటి సీజను వచ్చింది, 2020 జూన్ 27న మూడోది, ఆఖరుది. మొత్తం 26 భాగాలు. కథలో ప్రళయం వచ్చే తేదీ కూడా 2020 జూన్ 27. అంటే లోకం ఏ రోజున మునిగిపోతుందని రెండో సీజన్లో చూపించారో సరిగ్గా ఆ రోజునే మూడో సీజను విడుదల చేశారన్నమాట. సంక్రాంతికి వస్తుందన్న సినిమా ఉగాదికి వచ్చినా పండగ చేసుకునే మనకి ఈ ముహూర్తబలం కొత్త.

లోకమంతా చూసి మరిచిపోయాక తీరిగ్గా నేను చూశాను. చూద్దామని కూడా అనుకోలేదు. "నాన్నా, అది నీకు అర్థం కాదులే, వేరేదేదైనా పెట్టుకో" అంది మా అమ్మాయి. బ్యాంకులో పైసా తేడా వస్తే చీకటి పడ్డా కదలకుండా కూర్చుని పట్టుకునేవాణ్ణి నేను. నాకర్థం కాని లెక్క ఉంటుందా?

(చూడనివాళ్లు ఇక్కడ ఆగిపోవచ్చు, ముగింపుతో సహా అంతా చెప్పేయబోతున్నాను. ఆగకపోయినా నష్టం లేదు. చెప్పాక కూడా అర్థం కాదు.)

విండెన్ అని ఒక చిన్న ఊరు. ఊరి పక్కన అణువిద్యుత్ కేంద్రం, అడవి, అడవిలో గుహ. గుహలో ఒక దారి. అటు వెళ్తే 33 ఏళ్లు వెనక్కో ముందుకో తేలతారు. 2019లో మికెల్ అనే పదకొండేళ్ల పిల్లాడు తప్పిపోయి 1986లో తేలతాడు. అక్కడినుంచి 1953, 1921, 1888, ఇంకోవైపు 2052. మనిషి ఒకడే, వేషాలు మూడు: కుర్రాడు, నడివయసువాడు, ముసలివాడు. ముగ్గురూ ఒకరికొకరు ఎదురుపడి మాట్లాడుకుంటారు. అందులో ఒకడు ఇంకొకడికి అబద్ధం చెబుతాడు. ఇంతకుముందు మనకి తెలిసిన కాలయంత్రం 'ఆదిత్య 369'ది. 1991లో సింగీతం శ్రీనివాసరావుగారు బాలకృష్ణని 1526కి పంపించారు, 2504కి పంపించారు, క్షేమంగా వెనక్కి తెచ్చేశారు. రాయలవారికి మనవడై పుట్టడం లాంటి తంటాలేవీ పెట్టలేదు. పెద్దమనిషి.

జర్మన్ సంభాషణలు, కింద ఇంగ్లీషు అక్షరాలు. చూపు పక్కకి తిప్పడానికి లేదు. మా ఆవిడ చూసే సీరియల్‌కి కళ్లతో పనే లేదు. వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తూ ఉరుము శబ్దం విని, ఎవరు ఎవరికి విషం కలిపారో చెప్పేయగలదు. నాకు పాలు పొంగుతున్నాయని వాసన వచ్చినా లేవడానికి వీల్లేదు. లేచి వచ్చేలోపు ఒక తరం గడిచిపోతుంది. అలా పొంగిన పాల లెక్క వేరే ఉంది, అది మా ఆవిడ దగ్గర.

లెక్కంటే గుర్తొచ్చింది. ఆ నాలుగు కుటుంబాల చుట్టరికాలు గుర్తుండక పాల పుస్తకం వెనక పేజీల్లో రాసుకోవడం మొదలుపెట్టాను. కాన్‌వాల్డులు, నీల్సెన్లు, డాప్లర్లు, టీడెమాన్లు. నెట్‌ఫ్లిక్స్ వాళ్లే వంశవృక్షాలతో ఒక వెబ్‌సైటు పెట్టారు, మీరెంతవరకు చూశారో చెబితే అంతవరకే చూపిస్తుంది. నేను దాన్ని ముట్టుకోలేదు. బ్యాంకువాడు పక్కవాడి టోటల్ చూసి వేస్తాడా? పేజీలు నిండాయి. బాణాలు వచ్చాయి, బాణాల మీద చుక్కలు వచ్చాయి, చివరికది మా అత్తగారు పండక్కి వేసే మెలికల ముగ్గులా తయారైంది, ఎక్కడ మొదలెట్టిన గీత అక్కడికే వచ్చి కలిసింది.

నెలాఖరున పాలబ్బాయికి డబ్బివ్వడానికి మా ఆవిడ ఆ పుస్తకం తెరిచింది.

"ఏవండీ, ఈ హన్నా ఎవరు?"

"మికెల్ భార్య."

"ఉల్రిష్?"

"మికెల్ నాన్న."

"మరి ఇక్కడ 'హన్నా, ఉల్రిష్: సంబంధం ఉంది, భార్యకి తెలిసిపోయింది' అని రాసుంది. మీ దస్తూరీయే."

"అవును. పాపం అప్పటికి ఆయన తన మామగారని ఆవిడకి తెలీదు."

"పెళ్లయి కాపురం చేస్తూ మామగారెవరో తెలీదా?"

"మొగుడు 2019 నుంచి 1986కి వచ్చినవాడు. ఆవిడ చిన్నప్పుడు ఆ ఊళ్లోకి దిగాడు. మామగారు అప్పటికి హైస్కూల్లో చదువుతున్నాడు."

మా ఆవిడ పుస్తకం మూసి, చాలా సౌమ్యంగా, నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. ఆ సాయంత్రమే తణుకుకి ఫోన్ వెళ్లింది. మా అత్తగారు దిగారు.

అత్తగారికి పెళ్లి సంబంధాల్లో పేరుంది. ఎవరైనా ఇంటిపేరు చెబితే మూడు తరాల వెనక ఎవరు ఎవరికి పిల్లనిచ్చారో చెప్పగలరు. ఆవిడ ముందు పాల పుస్తకం పెట్టి కూర్చున్నాను. ఆవిడ కళ్లజోడు సర్దుకున్నారు.

"ముందు ఈ కుర్రాడి సంగతి చెప్పు బాబూ. యోనాస్. ఈ పిల్ల మార్తాని ప్రేమించాడన్నావు. పిల్ల అతనికేమవుతుంది?"

"యోనాస్ తండ్రి మికెల్ అండీ. మికెల్‌కి సొంత అక్క మార్తా."

ఆవిడ చాలాసేపు నావైపు చూశారు. "మేనత్త కూతుర్ని చేసుకుంటారు గానీ మేనత్తనే చేసుకుంటారటయ్యా ఎక్కడైనా!"

మనది మేనరికాల దేశం. శశిరేఖని అభిమన్యుడికివ్వాలని 'మాయాబజార్' అంతా తాపత్రయపడ్డ జాతి. మేనమామకి పిల్లనిచ్చినా మన వరసల్లో పేచీ లేదు. మన దగ్గర కూడా చెల్లని వరస ఒకటి వెతికి మరీ పట్టుకున్నారు జర్మన్లు. నేను యోనాస్ తరఫున కాస్త వాదించబోయాను. "ప్రేమించినప్పుడు తెలీదండీ" అన్నాను. "పెద్దవాళ్లని అడక్కపోతే ఇలాగే ఉంటుంది" అని ఆవిడ పేజీ తిప్పేశారు.

తర్వాతి పేజీ షార్లొట్, ఎలిజబెత్. షార్లొట్ పోలీసు అధికారి, ఆవిడ చిన్న కూతురు ఎలిజబెత్. ఆ ఎలిజబెత్ ప్రళయం తర్వాత పెద్దదై నోవా అనే అతనితో బిడ్డని కంటుంది. ఆ పసిబిడ్డని ఎత్తుకుపోయి వెనకటి కాలంలో టాన్‌హౌస్ అనే గడియారాల ఆయనకిస్తారు. ఆ బిడ్డే షార్లొట్. అంటే తల్లికి కూతురే తల్లి. నాకిది తెలిసిన రాత్రి నిద్ర పట్టలేదు. అత్తగారికి మాత్రం తత్వచింతన కలగలేదు, వేరే సందేహం వచ్చింది.

"మొదటి పురుడు పుట్టింట్లో పోయాలి కదా. ఈ షార్లొట్‌కి పుట్టిల్లేది? కూతురిల్లా?"

"...అంతే అనుకుంటానండీ."

"మరి సారె ఎవరు పెడతారు? ఇవతలివాళ్లు అవతలికి పెట్టి, అవతలివాళ్లు ఇవతలికి పెట్టి, ఆ అరిసెలే అటూ ఇటూ తిరుగుతుంటాయి కాబోలు."

భౌతికశాస్త్రంలో దీన్ని బూట్‌స్ట్రాప్ పారడాక్స్ అంటారు. మొదలంటూ లేకుండా తిరిగే వస్తువు. మా అత్తగారి అరిసెలంత తేటగా నాకెక్కడా దొరకలేదు.

హన్నా దగ్గర మాత్రం ఆవిడ కూడా ఆగిపోయారు. హన్నాకి ఏగాన్ అనే అతని వల్ల సిల్యా పుట్టింది. సిల్యాకి ఆగ్నెస్, ఆగ్నెస్‌కి ట్రోంటె, ట్రోంటెకి ఉల్రిష్, ఉల్రిష్‌కి మికెల్. ఆ మికెలే హన్నా భర్త. అత్తగారు వేళ్లు మడుస్తూ లెక్కపెట్టారు. కూతురు, మనవరాలు, మునిమనవడు, ఇనిమనవడు... ఆ తర్వాత మాట రాలేదు. "ఈ తరానికి మనలో పిలుపు లేదు బాబూ. అంతవరకూ ఎవరూ బతకరు, బతికినా పెళ్లి చేసుకోరు" అన్నారు.

ఆ 33 ఏళ్ల గోల కూడా ఆవిడే తేల్చారు. సూర్యచంద్రుల గతులు 33 ఏళ్లకోసారి కలుస్తాయని సిరీస్‌లో చెబుతారు. గాలికబురేం కాదు. చాంద్రమానానికి ఏడాదికి 354 రోజులు, సౌరమానానికి 365. ఏటా 11 రోజులు వెనకబడుతూ పోతే 33 సౌర సంవత్సరాలకి ఇంచుమించు 34 చాంద్ర సంవత్సరాలు పూర్తయి మళ్లీ కలుస్తాయి. రంజాన్ ఒకసారి ఎండల్లో, ఒకసారి చలిలో వచ్చి 33 ఏళ్లకి మళ్లీ మొదటి ఋతువుకే రావడం హైదరాబాదులో అందరం చూస్తున్నదే. ఇదంతా చెప్పి గర్వంగా ఆగాను. అత్తగారు గంటల పంచాంగం తీశారు.

"మనకి అధికమాసం ఉంది కదా. మూడేళ్లు తిరక్కుండానే లెక్క సరిచేసేస్తాం. ఆ ఊళ్లో ఒక్క సిద్ధాంతి ఉంటే ఆ గుహ తెరుచుకునేదే కాదు."

అంతటితో ఆగారా? 1953 విజయ, 1986 అక్షయ, 2019 వికారి అని తిరగేసి చెప్పారు. "మొదటి రెండూ మంచి పేర్లే. వికారి నాడు పిల్లాడు తప్పిపోయాడంటే వింతేముంది." నేను వెంటనే ఇంకో రహస్యం విప్పాను. మార్తాగా నటించిన అమ్మాయి అసలు పేరు లిసా వికారి. అత్తగారు పంచాంగాన్ని కళ్లకద్దుకుని లోపల పెట్టేశారు.

ఈలోగా నా ప్రవర్తన మీద ఇంట్లో ఫిర్యాదులు పెరిగాయి. ఒప్పుకుంటాను. కూరగాయలు ఎప్పుడు తెస్తారంటే "తెచ్చేశాను, తెస్తున్నాను, తెస్తాను, మూడూ ఒక్కటే" అన్నాను. ఆ పూట చారు, అప్పడం. విండెన్‌లో దారి తెరుచుకునే ముందు దీపాలు మిణుకుతాయి, పక్షులు రాలిపడతాయి. మా వీధిలో వోల్టేజి పడిపోయినప్పుడల్లా నేను బాల్కనీలోకి పరుగెత్తేవాణ్ణి. పావురాలు చెక్కుచెదరకుండా కూర్చుని మా ఉతికిన బట్టలనే చూస్తుండేవి. "అంత అదృష్టం కూడానా మనకి" అంది మా ఆవిడ.

మరి ఇంత చూశాక ఎలా ఉందంటారా? రెండో సీజను అన్నిటికన్నా బిగువుగా ఉంది. మూడో సీజన్లో ఇంకో లోకం తెచ్చారు. అదే ఊరు, అదే మనుషులు, మార్తాకి జుట్టు నుదుటి మీదికి కత్తిరించారు. ఎవరు ఏ లోకం మనిషో జుట్టు చూసి పోల్చుకోవాలి. అక్కడ కొంత విసిగించారు, నిజం. కానీ ఉల్రిష్ ఉన్నాడే, కొడుకుని వెతుక్కుంటూ పోయి 1953లో ఇరుక్కుని, ముప్ఫై ఏళ్లకి పైగా పిచ్చాసుపత్రిలో ముసలివాడైపోయి, 1987లో తప్పించుకుని వచ్చి అదే పదకొండేళ్ల పిల్లాణ్ణి చూస్తాడు. పిల్లాడు తండ్రిని గుర్తుపడతాడు. ఇద్దరూ పారిపోబోతుంటే పోలీసులు లాక్కుపోతారు. కాలయంత్రాలూ అణువులూ అన్నీ పక్కకి పోయి ఒక తండ్రి మిగిలాడక్కడ. నేను ఏడ్చాను. మా అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది, ఏమీ అనలేదు. ఆ తర్వాత మాత్రం స్నేహితులందరికీ చెప్పింది.

ముగింపులో తేలేదేమిటంటే, ఈ రెండు లోకాలూ లేని అసలు లోకం ఒకటుంది. అక్కడ గడియారాల టాన్‌హౌస్ కొడుకు 1971లో తండ్రితో గొడవపడి, వానరాత్రి, భార్యనీ చంటిబిడ్డనీ కారెక్కించుకుని వెళ్లిపోతాడు. వంతెన దగ్గర ప్రమాదం, ముగ్గురూ పోతారు. వాళ్లని వెనక్కి తెచ్చుకోవాలని ముసలాయన 1986లో యంత్రం నడిపితే లోకం రెండుగా చీలింది. ఈ చిక్కుముడంతా అక్కడ పడింది. ఇది నేను చాలా గంభీరంగా చెప్పాను. సిరీస్‌లో ఒక్క దృశ్యమైనా చూడని మా అత్తగారు అప్పడాల పిండి పిసుకుతూ అన్నారు:

"ఈ వానలో చంటిదాన్ని వేసుకుని ఎక్కడికి, ఇంత అన్నం తిని పడుకోండి, పొద్దున్నే వెళ్దురుగాని, అనేవాళ్లు లేకపోయారా ఆ ఇంట్లో?"

లేరు. ఆఖరి భాగంలో యోనాస్, మార్తా ఆ వానలో రోడ్డుకడ్డంగా నిలబడి కారుని వెనక్కి పంపించి చేసింది అచ్చంగా ఆ పనే. దానికి వాళ్లకి మూడు సీజన్లు పట్టింది.

ఓడార్, ఫ్రీజె తర్వాత తీసిన '1899' 2022 నవంబరులో వచ్చింది. 2023 జనవరిలో, ఒక్క సీజనుకే, ఆపేశారు. ఈ వార్తకి మా ఇంట్లో మిఠాయి పంచినంత పనైంది. నాకింకా తీరని సందేహం ఒకటే మిగిలింది. విండెన్ పోలీసు వోలర్‌కి కంటికేమైంది? మొదటి నుంచీ కట్టు కనిపిస్తూనే ఉంది, ఆఖరి భాగంలో భోజనాల బల్ల దగ్గర పాపం చెప్పబోయాడు కూడా, సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మీలో ఎవరికైనా జవాబు తోస్తే దయచేసి చెప్పండి. ఇంటికి మాత్రం ఫోన్ చేయకండి, ఆఫీసు వేళల్లో అయితే నేనే తీస్తాను.