కిలో ఎంత పడిందో చూసుకోండి

మా అపార్ట్‌మెంట్లో ఎవరి పిల్లలకు ఇంజనీరింగ్ సీటొచ్చినా లాప్‌టాప్ కొనిపించే బాధ్యత నాదే. ఎవరూ అప్పగించలేదు, నేనే తీసుకున్నాను. ఇప్పటికి ఏడుగురికి కొనిపించాను. వాళ్లలో ఐదుగురు ఈమధ్య లిఫ్టులో నన్ను చూడగానే దిగిపోయి మెట్లెక్కుతున్నారు. వయసులో ఉన్న పిల్లలు, ఆ మాత్రం వ్యాయామం మంచిదే.

ఈసారి మూడో అంతస్తు అమ్మాయి వచ్చింది. "అంకుల్, క్లాసులో నోట్సు రాసుకోవడానికే. తేలిగ్గా ఉండాలి, చవగ్గా ఉండాలి" అంది. ఈ కాలం పిల్లలకు తూకం తెలీదు. మా అమ్మ ఇత్తడి బిందె కొనేటప్పుడు ముందు చేత్తో లేపి చూసేది. తేలిగ్గా ఉంటే అక్కడే పెట్టేసి వచ్చేది. లాప్‌టాప్ బిందెకన్నా గొప్పదేం కాదు.

కాబట్టి మొదటి సలహా: షాపుకెళ్లేటప్పుడు వంటింటి కాటా పట్టుకెళ్లండి. అమ్మాయి చూసుకొచ్చిన 14 అంగుళాలది 1.2 కిలోలు, ధర 42 వేలు అనుకుందాం. కిలో 35 వేలు పడింది. పక్కనే ఆటలాడుకునే కుర్రాళ్ల లాప్‌టాప్ ఉంది. రెండున్నర కిలోలు, 70 వేలు. కిలో 28 వేలే. దాని అడాప్టర్ ఇటుకంత ఉంటుంది, అదో ఆరొందల గ్రాములు. దాన్నీ తూకంలో వేస్తే కిలో 22,600 లోపే. అంటే కిలోకు 12 వేలు ఆదా. "అంకుల్, జేబులోంచి 28 వేలు ఎక్కువ పోతున్నాయి కదా" అంది అమ్మాయి. నోట్సు రాసుకోవడానికి వచ్చిన పిల్లకు ఈ లెక్కలెందుకో!

చవకా తేలికా రెండూ ఒకచోట ఉంటే ఏమవుతుందో మా తరం చూసింది. 2011 అక్టోబర్‌లో ఆకాశ్ టాబ్లెట్ వచ్చింది. విద్యార్థుల కోసం ప్రభుత్వం తెప్పించింది, బిగించింది మన హైదరాబాద్‌లోనే. ఏడంగుళాల తెర, 256 ఎంబీ ర్యామ్, బరువు 350 గ్రాములు. తెర వేలు తగిలితే పలికే రకం కాదు, ఒత్తితే పలికే రకం. తలుపు కొట్టినట్టు కొట్టాలి. 350 గ్రాముల వస్తువు నుంచి ఇంకేం ఆశిస్తాం? పావుకిలో పైన చిల్లర కందిపప్పుతో సాంబారు కూడా ఇంటిల్లిపాదికీ సరిపోదు.

ఇక ప్రాసెసర్. ఇందులో తికమకేం లేదు. 7 నుంచి 3 తీసేస్తే 4. కాబట్టి ఐ3 కన్నా ఐ7 నాలుగు రెట్లు గొప్పది. మా బామ్మర్ది దగ్గర ఐ7 ఉంది, నాలుగో జనరేషన్, 2013 కాలంనాటిది. పాతిక వేలకిస్తానంటున్నాడు. ఇందులో నాకు స్వార్థమేం లేదు, ఉన్నదంతా వాడికే. అమ్మాయి ఫోనులో ఏదో వెతికి, "2022లో వచ్చిన పన్నెండో జనరేషన్ ఐ3 ఒకదానికి ఆరు కోర్లున్నాయి అంకుల్, మీ బామ్మర్దిగారి దానికి రెండే" అంది. జనరేషన్ అంటే తరమే కదమ్మా! మా ఇంట్లో మూడు తరాలున్నాయి. మాట చెల్లేది మా నాన్నదే, మనవడిది కాదు.

"విండోస్ 11కి కనీసం ఎనిమిదో జనరేషన్ అడుగుతున్నారు, విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది" అని మళ్లీ మొదలుపెట్టింది. అయిపోతే మంచిదేగా! పరీక్ష ముందురోజు రాత్రి నీలం తెర మీద సున్నా తిప్పుకుంటూ 'అప్‌డేట్ అవుతోంది, ఆపకండి' అనే బాధ తప్పింది.

అసలు ఆ పిల్ల మనసులో ఉన్నది ఇంకోటి. కంపెనీలవాళ్లు మూడునాలుగేళ్లు వాడి వదిలేసిన ఆఫీసు లాప్‌టాప్‌లు బాగుచేసి అమ్ముతారు. ఎనిమిదో జనరేషనో ఆ పైదో, కిలోన్నర, గట్టి బాడీ, మంచి కీబోర్డు. చాలావాటిలో వెనక మూత విప్పి ర్యామూ ఎస్‌ఎస్‌డీ మార్చుకోవచ్చు. బ్యాటరీ ఎంత అరిగిందో చూసుకుని, బిల్లూ వారంటీ రాయించుకుంటే కొత్తదాని ధరలో సగానికి కొంచెం అటూఇటూగా వస్తుందట. ఛీ, ఎంగిలి! ఎవరో మేనేజరు టిఫిన్ తింటూ టైపు చేసిన కీబోర్డు మీద మన పిల్ల చదువు మొదలవ్వాలా? బామ్మర్దిదైతే ఇంట్లోమనిషిది, ఎంగిలి కాదు.

ర్యామ్, స్టోరేజీ గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు. విండోస్ 11 అడిగే కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ. కనీసం అంటే పాస్ మార్కు. మనం 35తోనే ఇంటర్ గట్టెక్కలేదూ? చవక కొత్తవాటిలో ఆ 64 జీబీ ఈఎంఎంసీ చిప్పు బోర్డుకే అతికించేసి ఉంటుంది, మార్చడం కుదరదు. విండోసే అందులో సగం దగ్గర కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. మిగిలినదాంట్లో సినిమాలు పట్టవు, పిల్ల చెడిపోదు.

బ్యాటరీ దగ్గర మాత్రం తల్లిదండ్రులు బాగా మోసపోతున్నారు. డబ్బా మీద రాసిన గంటలు ఎలాగూ ఎవరికీ రావు, వాట్-అవర్ అంకె చూడండి. తేలికపాటి దానికి 45 ఉంటుంది. నోట్సు కొట్టుకుంటే ఏడెనిమిది వాట్లు తాగుతుంది, ఆరు గంటలొస్తుంది. మన రెండున్నర కిలోలదానికి 60 ఉన్నా అది ఇరవై వాట్లు తాగుతుంది, మూడు గంటలకే పడుకుంటుంది. పెద్ద అంకె మనదే కాబట్టి మనమే గెలిచాం. పైగా దీనివల్ల ఒక మేలుంది. అరవైమంది ఉన్న క్లాసులో పనిచేసే ప్లగ్గు ఒకటే ఉంటుంది, అదీ ఫ్యాను రెగ్యులేటర్ పక్కన. ఆ సీటు కోసం పిల్ల ఎనిమిదింటికే క్లాసులో ఉంటుంది. 75 శాతం హాజరు గురించి దిగులే అక్కర్లేదు.

టైప్-సీ ఛార్జింగ్ ఉన్నది మాత్రం కొనకండి. హాస్టల్లో ఒకే ఛార్జర్‌తో అందరూ పెట్టుకుంటారు, స్నేహాలు పెరిగిపోతాయి.

"ఎం-1 లెక్కలు టైపు చేయలేం అంకుల్, పెన్నుతో తెరమీద రాసేది ఉంటే..." అని నసిగింది. ఎందుకు చేయలేం? వర్డ్‌లో ఆల్ట్, సమానం గుర్తు కలిపి నొక్కితే సమీకరణాల గడి తెరుచుకుంటుంది. అందులో ఇంటిగ్రల్ వెతికి, కింద సున్నా, పైన పై పెట్టేసరికి సార్ బోర్డు తుడిచేసి ఉంటారు. అప్పుడు పక్కబెంచీ పిల్ల నోటుబుక్కు అడిగి ఫోటో తీసుకోవడమే. పెన్నుకు పెట్టే డబ్బులతో పక్కన అంకెల గడి ఉన్న కీబోర్డు వస్తుంది. దానితో లాప్‌టాప్ వెడల్పు పెరుగుతుంది. బెంచీకి ముగ్గురు కూర్చునే చోట మన పిల్ల ఒక్కతే కూర్చుంటుంది, దర్జాగా.

మొత్తానికి నలుగురం సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లాం. ధర మీద బేరం నేనాడను, అది మర్యాద కాదు. ఫ్రీగా ఇచ్చేవాటి మీద ఆడతాను. గంటంపావు కూర్చుని బ్యాగు, మౌసు, మౌసు కింద పరుచుకునే గుడ్డ, తెర తుడిచే సీసా, ఆఖరికి కుర్రాడి చేతిలోని క్యాలెండర్ కూడా రాబట్టాను. బ్యాగులో లాప్‌టాప్ పట్టలేదు. అందుకే దారిలో ఒక ట్రాలీ సూట్‌కేసు కొన్నాం, 2,200. దాని బరువూ కలిపితే కిలో రేటు ఇంకా తగ్గింది.

ఇంటికొచ్చాక వాళ్లమ్మ మూత మీద పసుపురాసి కుంకుమబొట్టు పెట్టింది. కొంచెం కీబోర్డు సందుల్లోకి జారింది, శుభమే. తెరమీది ప్లాస్టిక్ కాగితం పీకబోతుంటే నేనే ఆపాను, అది నాలుగో సంవత్సరంలో తీయాలి. కొబ్బరికాయ కొట్టారు. నిమ్మకాయ చేత్తో పట్టుకుని, "దీనికి చక్రాలు లేవు కదా అన్నయ్యగారూ, ఎక్కడ పెట్టాలి?" అని వాళ్లమ్మ అడిగింది.

సూట్‌కేసు చూపించాను.